నమూనా రైలు ఇంజన్లు - పోటీ నమూనాల పోలిక

నమూనా రైలు ఇంజను అనగా నిజమైన రైలు ఇంజనును ఒక నిర్దిష్టమైన నిష్పత్తిలో కుదించి తయారుచేసిన ప్రతిరూపం. ఒకే ఇంజనుకు రెండు లేక అంతకంటే ఎక్కువ సంస్థలు నమూనాలు తయారుచేసినపుడు వాటిని పోటీ నమూనాలు అనవచ్చును. అసలు ఇంజను ఒక్కటే అయినా ఈ నమూనాలు ఒకదానితో మరొకటి అచ్చంగా సరిపోలవు. పొడవు, పట్టాల ఎడం, చక్రాల ఆకారం, బరువు, వేగం అన్నిటినీ ఒకేసారి నిజానికి తగినట్లు కుదించడం సాధ్యం కాదు. కనుక ప్రతి తయారీదారుడూ కొన్నిటిని నిలుపుకొని కొన్నిటిని వదులుకుంటాడు. ఏది నిలుపుకొన్నాడు, ఏది వదులుకున్నాడు అన్నదే పోలికలో ముఖ్యమైన ప్రశ్న. భారతీయ ఇంజన్ల విషయంలో ఈ ప్రశ్న మరింత చిక్కైనది. మన బ్రాడ్ గేజికి సరిపడే నమూనా పట్టాలు బజారులో సాధారణంగా దొరకకపోవడమే ఇందుకు కారణం.

బొమ్మ, నమూనా - భేదం

తెలుగునాట బొమ్మల తయారీకి దీర్ఘమైన చరిత్ర ఉంది. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రపై లక్క పూసి చేసే ఏటికొప్పాక బొమ్మలు ప్రసిద్ధమైనవి. ఎడ్లబండి బొమ్మను చూసి అది ఎడ్లబండి అని గుర్తుపట్టగలిగితే చాలు, బొమ్మ పని నెరవేరినట్లే. దాని చక్రం అసలు చక్రంలో ఎన్నో వంతు అని ఎవరూ అడగరు. నమూనా అలా కాదు. అందులోని ప్రతి భాగాన్నీ కొలిచి, నిష్పత్తితో గుణించి, అసలు దానితో సరిచూడవచ్చును. బొమ్మకు పోలిక ప్రాణం, నమూనాకు కొలత ప్రాణం. ఢిల్లీకి చెందిన సెంటీ టాయ్స్ వంటి సంస్థలు భారతీయ రైళ్ళను పోలిన ప్లాస్టిక్ బొమ్మ రైళ్ళను తయారుచేశాయి. కొందరు అభిరుచి గలవారు ఇటువంటి బొమ్మలకు కొత్త చక్రాలు, మోటార్లు అమర్చి నమూనాలుగా మార్చుకుంటారు.

చరిత్ర

జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లీప్జిగ్ సంతలో బొమ్మ రైళ్ళను నిర్ణీతమైన పట్టాల ఎడములతో ప్రదర్శించింది. ఒకసారి కొన్న పట్టాలపై తరువాత కొన్న ఇంజను కూడా నడవడానికి ఇది దారితీసింది. బ్రిటనులో ఫ్రాంక్ హార్న్బీ స్థాపించిన మెకానో సంస్థ 1920లో కీ ఇస్తే నడిచే రైళ్ళను అమ్మకానికి తెచ్చింది. 1935లో జర్మనీలో ట్రిక్స్, మార్క్లిన్ సంస్థలు 16.5 మిల్లీమీటర్ల ఎడం గల చిన్న పట్టాలతో విద్యుత్ రైళ్ళను విడుదల చేశాయి. బల్లమీద అమరే రైలుగా ఇది త్వరలోనే వ్యాపించింది. 1938లో మెకానో సంస్థ అదే ఎడంతో హార్న్బీ డబ్లో రైళ్ళను తెచ్చింది. 1950 తరువాత ట్రైయాంగ్ అనే సంస్థ పోత లోహానికి బదులు ప్లాస్టిక్ వాడి చవకగా అమ్మి హార్న్బీకి పోటీగా ఎదిగింది. 1964లో మెకానో సంస్థ ట్రైయాంగ్ యాజమాన్యం చేతికి వెళ్ళింది. ఆ విధంగా పోటీదారులిద్దరూ ఒక గూటికి చేరారు.

మన దేశంలో ఈ అభిరుచి కొద్దిమందికే పరిమితమైనది. పూణె నగరంలో బి.ఎస్.జోషి నెలకొల్పిన చిన్న రైళ్ళ ప్రదర్శనశాల 1998లో ప్రారంభమయింది. ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం 1977లో ప్రారంభమయింది. అక్కడ నిజమైన ఇంజన్లను దగ్గరగా చూడవచ్చును.

నిష్పత్తులు, పట్టాల ఎడములు

నమూనాలను పోల్చేముందు రెండు వేర్వేరు సంగతులను విడదీసి చూడాలి. నిష్పత్తి అనగా అసలు వస్తువు ఎన్ని రెట్లు తగ్గింది అనే లెక్క. గేజి అనగా రెండు పట్టాల లోపలి అంచుల మధ్య ఎడం. వాడుకలో ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వలన గందరగోళం కలుగుతున్నది. ముఖ్యమైన ప్రమాణాలు ఇవి.

- హెచ్ఓ: నిష్పత్తి 1:87.1, ఎడం 16.5 మి.మీ. ఐరోపా ఖండంలోను, అమెరికాలోను అధికంగా వాడుకలో ఉన్నది.
- ఓఓ: నిష్పత్తి 1:76.2, ఎడం అదే 16.5 మి.మీ. బ్రిటనులో వాడుకలో ఉన్నది.
- ఎన్: నిష్పత్తి 1:160, బ్రిటనులో 1:148. ఎడం 9 మి.మీ.
- ఓ: నిష్పత్తి దేశాన్ని బట్టి 1:43.5, 1:45 లేక 1:48. ఎడం 32 మి.మీ.

ప్రపంచంలో ఎక్కువ వాడుకలో ఉన్న స్టాండర్డ్ గేజి 1435 మి.మీ. దానిని 87.1తో భాగిస్తే 16.5 మి.మీ. వస్తుంది. కనుక హెచ్ఓ పట్టాలపై జర్మను, అమెరికను ఇంజన్లు సరిగ్గా నిలుస్తాయి. బ్రిటిషు ఇంజన్లు అసలే ఇరుకైనవి. 1:87 నిష్పత్తికి తగ్గిస్తే ఆనాటి మోటారు వాటిలో పట్టేది కాదు. అందువలన బ్రిటిషు తయారీదారులు పట్టాలను అలాగే ఉంచి ఇంజనును మాత్రం కొంత పెద్దదిగా చేశారు. దాని ఫలితంగా ఓఓ నమూనాలలో పట్టాల ఎడం అసలు లెక్కలో 1257 మి.మీ.కు మాత్రమే సమానం. ఈ రాజీ నేటికీ కొనసాగుతున్నది. దీనిని అంగీకరించని వారు 18.2 మి.మీ., 18.83 మి.మీ. ఎడముతో పట్టాలను స్వయంగా తయారుచేసుకుంటారు.

భారతీయ బ్రాడ్ గేజి సమస్య

మన బ్రాడ్ గేజి 1676 మి.మీ., అంటే అయిదున్నర అడుగులు. దీనిని ఒక్కొక్క నిష్పత్తిలో కుదిస్తే ఉండవలసిన ఎడం, నిజంగా దొరికే ఎడం ఇలా ఉంటాయి.

- 1:76.2 నిష్పత్తిలో ఉండవలసినది 22.0 మి.మీ., దొరికేది 16.5 మి.మీ. లోటు 25 శాతం.
- 1:87.1 నిష్పత్తిలో ఉండవలసినది 19.2 మి.మీ., దొరికేది 16.5 మి.మీ. లోటు 14 శాతం.
- 1:148 నిష్పత్తిలో ఉండవలసినది 11.3 మి.మీ., దొరికేది 9 మి.మీ. లోటు 20 శాతం.
- 1:160 నిష్పత్తిలో ఉండవలసినది 10.5 మి.మీ., దొరికేది 9 మి.మీ. లోటు 14 శాతం.

ముందునుండి చూసినపుడు ఈ లోటు స్పష్టంగా కనబడుతుంది. వెడల్పయిన ఇంజను ఇరుకైన కాళ్ళమీద నిలబడినట్లు ఉంటుంది. పక్కనుండి చూస్తే ఏమీ తెలియదు. ప్రకటనలలోని ఛాయాచిత్రాలు చాలావరకు పక్కనుండి తీసినవే కనుక కొనేవారు ఈ సంగతి గమనించాలి.

దీనికి లెక్కప్రకారం ఒక చక్కని పరిష్కారం ఉన్నది. అడుగుకు 3 మి.మీ. చొప్పున, అంటే 1:101.6 నిష్పత్తిలో కుదిస్తే అయిదున్నర అడుగుల బ్రాడ్ గేజి సరిగ్గా 16.5 మి.మీ. అవుతుంది. అంటే ఇంజనును కొంచెం చిన్నదిగా చేస్తే బజారులో దొరికే సాధారణ పట్టాలే మన బ్రాడ్ గేజికి సరిపోతాయి. అడుగుకు 3 మి.మీ. అన్న నిష్పత్తి కొత్తది కాదు. ట్రైయాంగ్ సంస్థ 1957లో ఈ నిష్పత్తితోనే, కానీ 12 మి.మీ. ఎడంతో, బ్రిటిషు రైళ్ళను అమ్మింది. అయితే ఇందులోను ఒక చిక్కు ఉంది. ఈ నిష్పత్తిలో మనుషులు, ఇళ్ళు, స్టేషన్లు, పెట్టెలు తయారుగా దొరకడం కష్టం. 1:87లో అవన్నీ దొరుకుతాయి.

ఇతర దేశాలకూ ఈ ఇబ్బంది లేకపోలేదు. స్పెయిను గేజి 1668 మి.మీ., ఐర్లండు గేజి 1600 మి.మీ. స్పెయినులోని ఎలక్ట్రోట్రెన్, ఐర్లండులోని మర్ఫీ మోడల్స్ సంస్థలు తమ దేశపు ఇంజన్లను 16.5 మి.మీ. పట్టాలకే తయారుచేశాయి. పట్టాలు అందరికీ దొరకాలన్న వ్యాపార అవసరం కొలత కంటె బలమైనదని దీనివలన తెలుస్తున్నది.

ఉదాహరణ: డబ్ల్యూడీఎం-2 ఇంజను

భారతీయ రైల్వేలలో అధిక సంఖ్యలో నడిచిన డీజిల్ ఇంజన్లలో డబ్ల్యూడీఎం-2 ఒకటి. గుత్తి, కాజీపేట, విజయవాడ, విశాఖపట్నం షెడ్లలో ఈ ఇంజన్లు ఉండేవి. అమెరికాలోని ఆల్కో సంస్థ నుండి 1962లో ఇవి మొదట దిగుమతి అయ్యాయి. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964 నుండి వీటిని తయారుచేసింది. ఆ కర్మాగారానికి 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మార్చారు.

అసలు ఇంజన్లలోనే ఇక్కడ ఒక పోటీ జరిగింది. 1962లోనే జనరల్ మోటార్స్ నుండి డబ్ల్యూడీఎం-4 అనే ఇంజన్లను కూడా రైల్వేలు దిగుమతి చేసుకున్నాయి. 1969లో మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను లాగినవి ఇవే. అయినా తయారీ పరిజ్ఞానాన్ని మనకు అందించడానికి ఆల్కో సంస్థ అంగీకరించినందున దేశంలో తయారీకి ఆల్కో నమూనానే ఎంపిక చేశారు. యంత్రం గుణగణాలతో పాటు దానిని ఎవరు నేర్పుతారన్నది కూడా తీర్పును నిర్ణయించింది.

కొలతలు

డబ్ల్యూడీఎం-2 పొడవు 17.12 మీటర్లు, వెడల్పు 2.864 మీటర్లు, చక్రం వ్యాసం 1092 మి.మీ., బరువు 112.8 టన్నులు, శక్తి 2600 అశ్వశక్తి, గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. నమూనా పొడవు ఉండవలసిన తీరు ఇది.

- 1:76.2 నిష్పత్తిలో 224.7 మి.మీ.
- 1:87.1 నిష్పత్తిలో 196.6 మి.మీ.
- 1:101.6 నిష్పత్తిలో 168.5 మి.మీ.
- 1:160 నిష్పత్తిలో 107.0 మి.మీ.

హెచ్ఓ అని చెప్పి అమ్మే నమూనా 210 మి.మీ. పొడవు ఉంటే, అది 1:87 కాదని, సుమారు 1:81.5 అని స్కేలుతోనే తేల్చవచ్చును. పొడవు సరిపోయినా వెడల్పు సరిపోకపోవచ్చును. 1:87.1 నిష్పత్తిలో వెడల్పు 32.9 మి.మీ., చక్రం 12.5 మి.మీ. ఉండాలి. మూడు కొలతలూ ఒకే నిష్పత్తిని చూపితేనే నమూనా నమ్మదగినది.

ఏ ఇంజను? ఏ సంవత్సరం?

ఒకే తరగతి ఇంజన్లన్నీ ఒకేలా ఉండవు. వ్యాక్యూం బ్రేకులతో పాటు ఎయిర్ బ్రేకులు కూడా అమర్చినవాటిని డబ్ల్యూడీఎం-2ఏ అని, ఎయిర్ బ్రేకులు మాత్రమే ఉన్నవాటిని డబ్ల్యూడీఎం-2బి అని పిలిచారు. బ్రేకులు మారితే ఇంజను కొసన వేలాడే గొట్టాల అమరిక కూడా మారుతుంది. కొన్ని ఇంజన్లలో డ్రైవరు గదికి ముందున్న పొట్టి ముక్కు ఎత్తు తగ్గించి వెడల్పయిన అద్దాలు పెట్టారు. వీటికి జంబో అని పేరు వచ్చింది. తరువాత వచ్చిన 3100 అశ్వశక్తి గల డబ్ల్యూడీఎం-3ఏ కూడా చూపుకు దగ్గరి పోలికలు గలదే.

కనుక రెండు పోటీ నమూనాలలో ముక్కు ఎత్తు వేరుగా ఉన్నంత మాత్రాన వాటిలో ఒకటి తప్పు అనడానికి వీలులేదు. రెండూ రెండు వేర్వేరు అసలు ఇంజన్లను అనుసరించి ఉండవచ్చును. నమూనామీద రాసిన ఇంజను సంఖ్య, షెడ్డు పేరు, బ్రేకుల గొట్టాలు ఒకే కాలానికి చెందినవా అన్నది చూడాలి. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్న 18040 సంఖ్య గల కుందన్ ఆల్కో సంస్థ నుండి దిగుమతి అయిన మొదటి డబ్ల్యూడీఎం-2. పోల్చడానికి ఇటువంటి భద్రపరచిన ఇంజన్లు ఎంతో ఉపకరిస్తాయి.

చక్రాల చట్రం

డబ్ల్యూడీఎం-2 కింద మూడేసి ఇరుసులు గల రెండు చట్రాలు ఉంటాయి. ఒక్కొక్క చట్రంలో మూడు ఇరుసుల మధ్య ఎడములు సమానం కావు. ఆల్కో చట్రానికి ఇది ప్రత్యేక లక్షణం. మరొక ఇంజనుకోసం చేసిన చట్రాన్ని తెచ్చి పైన డబ్ల్యూడీఎం-2 పెట్టెను అమర్చిన నమూనాలను ఈ ఒక్క గుర్తుతోనే కనిపెట్టవచ్చును. ఇరుసుల ఎడములు సమానంగా ఉంటే ఆ చట్రం ఈ ఇంజనుది కాదు.

బరువు, వేగం, మలుపు

నిష్పత్తి పొడవుకు వర్తించినట్లు బరువుకు వర్తించదు. పొడవు 87.1 రెట్లు తగ్గితే వైశాల్యం సుమారు 7,586 రెట్లు, ఘనపరిమాణం సుమారు 6,60,800 రెట్లు తగ్గుతుంది. ఆ లెక్కన 112.8 టన్నుల ఇంజను నమూనా 171 గ్రాములు మాత్రమే తూగాలి. 1:160 నిష్పత్తిలో అది 28 గ్రాములకు మించదు. అంత తేలికైన ఇంజను చక్రాలకు పట్టు చాలదు, చక్రాలు పట్టాలనుండి విద్యుత్తును కూడా సరిగా అందుకోలేవు. అందువలన తయారీదారులు లోపల లోహపు దిమ్మ అమర్చి బరువును కావాలనే పెంచుతారు. ఇక్కడ కొలతను తప్పడమే మంచి నమూనాకు గుర్తు.

వేగం విషయంలో గంటకు 120 కిలోమీటర్లు అంటే 1:87.1 నిష్పత్తిలో సెకనుకు 38 సెంటీమీటర్లు. ఒక మీటరు పట్టాను ఇంజను 2.6 సెకన్లలో దాటాలి. అంతకంటె త్వరగా దాటితే అది అసలు ఇంజనుకు లేని వేగం. అయితే మోటారు నాణ్యత గరిష్ఠ వేగంలో కంటె కనిష్ఠ వేగంలోనే బయటపడుతుంది. కుదుపు లేకుండా మెల్లగా కదిలి, మెల్లగా ఆగగలిగిన నమూనాయే మేలైనది.

మన బ్రాడ్ గేజిలో అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్థం 175 మీటర్లు. అది 1:87లో రెండు మీటర్లు అవుతుంది. ఇంట్లో అంత చోటు ఉండదు కనుక బజారు నమూనాలను అరమీటరు లోపు వ్యాసార్థం గల మలుపులపై కూడా తిరిగేలా తయారుచేస్తారు. ఇందుకోసం చట్రాలు పక్కకు తిరగడానికి వీలుగా ఇంజను కిందిభాగాన్ని కొంత కోసివేస్తారు. చక్రం పట్టా దిగిపోకుండా ఆపే అంచు అసలు ఇంజనులో 28.5 మి.మీ. 1:87లో అది 0.33 మి.మీ. కావాలి. సాధారణంగా నమూనాలలో అది దాదాపు రెట్టింపు ఉంటుంది.

విదేశాలలో పోటీ నమూనాలు

బ్రిటనులో ఒకే ఇంజనుకు రెండు సంస్థలు నమూనాలు తెచ్చిన సందర్భాలు అనేకం. విలియం స్ట్రౌడ్లీ రూపొందించిన టెర్రియర్ అనే చిన్న ఆవిరి ఇంజన్లు 1872-1880 మధ్య 50 తయారయ్యాయి. డాపోల్ సంస్థ చేసిన పాత నమూనా అచ్చులు తరువాత హార్న్బీ చేతికి వచ్చాయి. 2018-2020 మధ్యకాలంలో హార్న్బీ ఒక కొత్త టెర్రియర్‌ను, డాపోల్ తయారీలో మరొక వ్యాపార సంస్థ ఇంకొక కొత్త టెర్రియర్‌ను పోటీగా తెచ్చాయి. అసలు టెర్రియర్లలో చాలావాటికి 1911 నుండి బాయిలర్లు మార్చినందున ఒకే ఇంజనుకు కాలాన్ని బట్టి రెండు రూపాలు ఉన్నవి. కనుక ఏ నమూనా మంచిదన్న ప్రశ్నకు ముందు ఏ కాలపు టెర్రియర్ అన్న ప్రశ్న వస్తుంది.

1998 నుండి బ్రిటనులో నడుస్తున్న క్లాస్ 66 డీజిల్ ఇంజనుకు బాక్మన్ నమూనా ఉండగానే, హాటన్స్ అనే వ్యాపార సంస్థ 2018లో ప్రకటించి 2020లో మరొక నమూనాను విడుదల చేసింది. అసలు ఇంజన్లలో కాలక్రమాన వచ్చిన దీపాల మార్పులు, తలుపుల మార్పులు వేర్వేరుగా చూపడం దీని ప్రత్యేకత. హాటన్స్ 2024లో మూతపడగా ఈ అచ్చులను అక్యురాస్కేల్ సంస్థ కొన్నది. క్లాస్ 66లో ఉన్న 710 శ్రేణి డీజిల్ యంత్రమే, ఎక్కువ సిలిండర్లతో, మన డబ్ల్యూడీజీ-4 సరకు ఇంజన్లలోనూ ఉన్నది.

పోటీ వలన కొనేవారికి మేలు, కీడు రెండూ కలుగుతాయి. నాణ్యత పెరుగుతుంది, ఒకరి లోపాన్ని మరొకరు సరిదిద్దుతారు. కానీ ఉక్కు అచ్చులు చేయించడానికి అయ్యే ఖర్చు పెద్దది. రెండు సంస్థలు ఒకే ఇంజనుపై ఆ ఖర్చు పెడితే, అంతవరకు ఎవరూ చేయని మరొక ఇంజను నమూనా రాకుండా పోతుంది.

మీటర్ గేజి ఇంజన్లు

గుంటూరు - మాచర్ల, గుంటూరు - గుంతకల్లు మార్గాలు ఒకప్పుడు మీటర్ గేజి మార్గాలు. నమూనాల విషయంలో మీటర్ గేజికి ఒక అనుకూలత ఉంది. 1000 మి.మీ.ను 87.1తో భాగిస్తే 11.5 మి.మీ. వస్తుంది. ఐరోపాలో మీటర్ గేజి నమూనాలకు వాడే పట్టాల ఎడం 12 మి.మీ. తేడా అర మిల్లీమీటరే. 1949-1970 మధ్య తయారైన వైపీ ఆవిరి ఇంజను నమూనాను ఇటువంటి పట్టాలపై దాదాపు యథాతథంగా నిలపవచ్చును. వైపీకి బ్రాడ్ గేజి జోడు వంటిదైన డబ్ల్యూపీ ఇంజనుకు ఆ అదృష్టం లేదు. తూటా ఆకారపు ముక్కు గల డబ్ల్యూపీ ఇంజన్లు 755 తయారయ్యాయి. అమెరికా, కెనడా, పోలండు, ఆస్ట్రియా, మన చిత్తరంజన్ వంటి పలుచోట్ల ఇవి తయారైనందున వీటిలో కూడా చిన్న తేడాలు ఉన్నవి.

పోల్చే పద్ధతి

రెండు పోటీ నమూనాలను ఎదురెదురుగా ఉంచి ఈ వరుసలో చూడటం మంచిది.

1. పొడవు, వెడల్పు, చక్రం వ్యాసం కొలిచి మూడింటి నిష్పత్తి లెక్కకట్టాలి.
2. ముందునుండి చూసి పట్టాల ఎడం, ఇంజను వెడల్పు మధ్య పొందిక గమనించాలి.
3. ఇంజను సంఖ్య, షెడ్డు, బ్రేకులు, రంగులు ఒకే కాలానికి చెందినవా అని సరిచూడాలి.
4. ఇరుసుల ఎడములు అసలు చట్రంతో పోల్చాలి.
5. తక్కువ వేగంలో నడిపి కుదుపులు ఉన్నవేమో చూడాలి. ఎన్ని చక్రాలు విద్యుత్తును అందుకుంటున్నవో తెలుసుకోవాలి.
6. విడిభాగాలు దొరుకుతాయా, విప్పి బాగుచేయవచ్చునా అన్నది విచారించాలి.

చూడటానికి ఉంచుకొనే నమూనాకు మొదటి నాలుగు అంశాలు, నడపడానికి కొనే నమూనాకు చివరి రెండు అంశాలు ముఖ్యమైనవి. అన్నిటిలోనూ నెగ్గే నమూనా అరుదు.

పర్చూరు ప్రాంతంలో

పర్చూరు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని మండల కేంద్రం. అంతకు ముందు ప్రకాశం జిల్లాలో ఉండేది. పత్తి, మిరప పండే ఈ మైదానంలో పర్చూరుకు రైలు మార్గం లేదు. ఇక్కడివారు విజయవాడ - గూడూరు ప్రధాన మార్గంలోని చీరాల స్టేషనుకు వెళ్తారు. ఆ మార్గం 1980 ప్రాంతంలో విద్యుదీకరణ పొందింది. దేశంలో బ్రాడ్ గేజి విద్యుదీకరణ దాదాపు పూర్తయిన ఈనాడు డబ్ల్యూడీఎం-2 వంటి ఇంజన్లు మ్యూజియంలలోను, నమూనాలలోను మాత్రమే మిగిలే స్థితికి చేరాయి. అసలు ఇంజన్లు తుక్కుగా మారిన తరువాత పుట్టిన పిల్లలకు నమూనాయే సాక్ష్యం. ఆ సాక్ష్యంలోని కొలత తప్పితే వారు దానిని సరిదిద్దుకొనే వీలు ఉండదు.

విలువైన నమూనా కొనలేని పాఠశాలలో కూడా ఈ విషయాన్ని అట్టముక్కలతో బోధించవచ్చును. అడుగుకు 3 మి.మీ. చొప్పున 168.5 మి.మీ. పొడవుతో డబ్ల్యూడీఎం-2 పక్క రూపాన్ని కత్తిరించి, దాని పక్కన అదే లెక్కన సుమారు 16 మి.మీ. మనిషిని నిలబెడితే, అసలు ఇంజను ఎంత పెద్దదో పిల్లలకు కంటికి కనబడుతుంది. నిష్పత్తి, వైశాల్యం, ఘనపరిమాణం అనే మూడు పాఠాలు ఒక్క ఇంజనులో ఇమిడి ఉన్నవి.

ఇవి కూడా చూడండి

- భారతీయ రైల్వేలు
- దక్షిణ మధ్య రైల్వే
- డబ్ల్యూడీఎం-2
- చీరాల రైల్వే స్టేషను
- కొండపల్లి బొమ్మలు
- పర్చూరు